పావు స్వరం

విల్యాండి. ఫిబ్రవరి. మైనస్ పద్నాలుగు.
ఎర్ర ఇటుకల చర్చిలో నాలుగు హీటర్లకి రెండే పనిచేస్తున్నాయి.
నల్ల గౌనుల కింద రెండేసి జతల ఉన్ని మేజోళ్ళు తొడుక్కుని
నిలబడ్డాం ఇరవై నాలుగు మందిమి
వాయిద్యం ఒక్కటీ లేకుండా.
ఆర్గన్ కూడా మరమ్మతులో ఉంది,
టార్పాలిన్ కప్పుకుని నిద్రపోతోంది.

ట్రీన్ శ్రుతిదండాన్ని మోకాలికి కొట్టి
చెవి దగ్గర పెట్టుకుంది.
ఆ మోత ఆమె ఒక్కదానికే.
పెదవులు విప్పకుండా ఆమె ఇచ్చిన చిన్న నాదాన్ని
అగ్గిపుల్ల ఆరిపోకుండా చేతులు అడ్డుపెట్టినట్టు
వరస వెంట వరస అందుకున్నాం.

మా ఒప్పందం కాగితంలో రాయని షరతు ఒకటుంది.
పక్కవాడు ఊపిరి తీసుకున్న చోట
నువ్వు తీసుకోకూడదు.
మాట నడుమ, అచ్చు మధ్యలో,
ఎవరూ అనుకోని చోట దొంగలా పీల్చి
తలుపు చప్పుడు కాకుండా లోపలికొచ్చినట్టు
మళ్ళీ కలవాలి.
వినేవాళ్ళకి మేం
గుక్క తిప్పుకోని ఒకే ప్రాణి.
జీతం ఇచ్చేది దీనికేననుకుంటాను.

మొదటి సగం పాత లాటిన్ ప్రార్థనలు.
నేను చర్చికి పోయేదాన్ని కాదు,
అయినా "కరుణించు" అన్న చోట
ప్రతిసారీ నా వెన్ను దానంతటదే నిటారవుతుంది.

రెండో సగం కొత్తది, ఇంకా సిరా ఆరనిది.
పెయిప్సి సరస్సు జాలర్లు మంచుకు పెట్టుకున్న పేర్లన్నీ
ఎవరో కుర్రాడు స్వరాలకెక్కించాడు.
గుర్రాన్ని మోసే మంచు,
మనిషిని మాత్రమే మోసే మంచు,
రాత్రిళ్ళు మూలిగే మంచు,
చూడ్డానికి బాగుండి అబద్ధమాడే మంచు.

ఆగిపోయింది ఆ మాటల దగ్గర కాదు.
వాటి తర్వాత, మాటే లేని చోట,
పదహారు మాత్రల ఉత్త "మ్" దగ్గర,
కాల్యో గొంతు లేదు.

కాల్యో మా అందరికంటే కింద ఉండే గొంతు.
ముప్పై ఏళ్ళుగా మేమంతా దాని మీదే నిలబడ్డాం.
లైదా నవంబర్‌లో పోయింది.
చిరిగిన మా ఫోల్డర్లన్నింటికీ
గుడ్డ టేపు అంటించింది ఆమే.
అతని చేతిలో ఆ ఫోల్డరే,
నోరు తెరిచే ఉంది, చూపు స్వరలిపి మీదే ఉంది.

ఎవరూ అటు తిరగలేదు.
పక్కనున్న రైవో రెండు గొంతుల బరువు తలకెత్తుకున్నాడు.
టెనర్లు ఇద్దరు అలవాటు లేని మెట్లు దిగారు.
ఆల్టోలో నేను ఊపిరి తీసుకోవాల్సిన చోట తీసుకోలేదు,
కళ్ళ ముందు మిణుగురులు తిరిగేదాకా.
నేల కొద్దిగా కుంగింది,
నేలతోపాటు ఇల్లంతా కుంగింది,
గోడకున్న బొమ్మ ఒక్కటీ వంకరపోకుండా.

ట్రీన్‌కి తెలుసు.
పైకెత్తమని వేలు చూపించలేదు.

చప్పట్లు. రెండుసార్లు వంగి నమస్కారాలు.
మూడో వరసలో ఆర్గన్ బాగుచేసే ఎండెల్
మఫ్లర్ చుట్టుకుంటూ లేచి మా దగ్గరకొచ్చాడు.
"పావు స్వరం దిగారు," అన్నాడు.
మా గొంతుల్లో వెలక్కాయ.
టార్పాలిన్ వైపు ఓసారి చూసి,
"ఈ రాత్రి మాత్రం దాన్నే
మీ శ్రుతికి దించాలనిపించింది,"
అని గొణిగి, కర్ర వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు.

తాలిన్‌కి తిరుగు బస్సులో
కిటికీల మీద మా ఊపిరే పొరలు కట్టింది.
కాల్యో ఉడికిన గుడ్డు పెంకు తీస్తున్నాడు
చాలాసేపు, చాలా జాగ్రత్తగా.
సగం నాకిచ్చాడు.
"ఆ పదహారు మాత్రల్లో
నువ్వు తొమ్మిదో దగ్గర పీల్చుకో," అన్నాడు,
"రేపు నేను పట్టుకుంటాను."